ఊహాలోకానికి ఆకాశపు పందిరి వేయడం ఎలా

ఇరవై ఆరేళ్లపాటు నా ఉద్యోగం మూడు గంటలకొకసారి ఆరుబయటికి వచ్చి తలెత్తి చూడడం. వాతావరణ పరిశీలకులు ఆకాశాన్ని ఎనిమిది సమభాగాలుగా ఊహించుకుని, అందులో ఎన్ని భాగాలను మబ్బు కప్పిందో పుస్తకంలో రాస్తారు. ఒక్క మబ్బూ లేకపోతే సున్నా. మొత్తం మూసుకుపోతే ఎనిమిది. ఈ లెక్కలో తొమ్మిది కూడా ఉంది. పొగమంచో దుమ్మో కమ్ముకుని అసలు ఆకాశమే కనిపించనప్పుడు తొమ్మిది వేస్తారు. సున్నా నుంచి ఎనిమిది దాకా ఉన్న అంకెలు ఆకాశం గురించి చెబుతాయి. తొమ్మిది మాత్రం చూసేవారి గురించి చెబుతుంది: ఇక్కడ ఒక మనిషి నిలబడి ఉంది, తన నెత్తిమీద ఏముందో ఆమెకు తెలియడం లేదు.

కథలు రాయడం మొదలుపెట్టాక, ఉద్యోగంలో నేర్చుకున్నవాటిలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా పనికివచ్చింది ఆ తొమ్మిదే. కథలో ఆకాశం ఊరికే ఉండదు. దాని కింద ఎవరో ఒకరు ఉంటారు, వాళ్లకు ఏదో ఒక పని ఉంటుంది, ఆ పనికి ఆకాశం అడ్డమైనా పడుతుంది, సాయమైనా చేస్తుంది. ఫాంటసీ, సైన్స్ ఫిక్షన్ రాయాలనుకునేవాళ్ల కోసం నాకు తెలిసిన పద్ధతులు చెబుతాను. అన్నీ ఈ మాట చుట్టూ తిరిగేవే.

నాతో పనిచేసిన ఒకరు చాలాకాలం కిందట తాము రాసిన కథ నాకు చదవమని ఇచ్చారు. అందులోని రాజ్యాల పేర్లు, యుద్ధాలు ఇప్పుడు ఒక్కటీ గుర్తులేవు. ఇద్దరు సూర్యులున్న ఆ లోకంలో ఒక పిల్ల తన రెండు నీడల్లో పల్చనిదాన్ని తొక్కకుండా నడవాలని చూస్తుంది. అది మాత్రం నిన్న చదివినట్టుంది. వేరే లోకంలో కాలు పెట్టామని పాఠకుడికి అందరికన్నా ముందు చెప్పేది ఆకాశమే. కోటలు, యంత్రాలు, వింత జంతువులు కథలో కొందరికే ఎదురవుతాయి. ఎండ, వాన, చీకటి మాత్రం రాజుకూ దొంగకూ పసిపిల్లకూ ఒకేసారి మీద పడతాయి. ఆకాశాన్ని నమ్మించగలిగితే మిగిలిన లోకాన్ని పాఠకుడు సగం నమ్మేసినట్టే.

ముందు కింద ఎవరున్నారో తేల్చుకోండి

"ఆ గ్రహం మీద ఆకాశం ఊదారంగులో మెరుస్తోంది" అని మొదలయ్యే కథలు చాలా చదివాను. నేనూ రాశాను. ఆ వాక్యంలో తప్పేమీ లేదు, కానీ అది గోడకు తగిలించిన పటంలా ఉండిపోతుంది. రాసేముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ క్షణాన ఈ ఆకాశం కింద ఎవరున్నారు? ఏ పని మధ్యలో ఉన్నారు? ఆకాశం ఇలా ఉన్నందువల్ల ఆ పని చేసే తీరు ఎలా మారింది?

అదే ఊదారంగును ఇలా రాసి చూడండి: "ఊదా చిక్కబడుతోంది. ఇంకో గంటలో గాలి తిరుగుతుంది. ఆమె తాళ్లన్నీ రెండోసారి బిగించి, పసివాడి చెవుల్లో మైనం పెట్టింది." మైనం ఎందుకో పాఠకుడికి ఇంకా తెలియదు. కానీ ఆ గాలి చేసే చప్పుడు ఎలాంటిదో ఊహించుకోవడం అప్పుడే మొదలుపెట్టేశాడు.

1883లో ఇండోనేషియాలోని క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైనప్పుడు దాని ధూళి, వాయువులు పైవాతావరణంలోకి చేరి భూమిని చుట్టేశాయి. ఆ తర్వాత నెలల తరబడి ఎక్కడెక్కడో సాయంత్రాలు నెత్తురు చిమ్మినట్టు ఎర్రబడ్డాయి. అమెరికాలో కొన్ని ఊళ్లలో జనం దూరంగా ఏదో తగలబడుతోందనుకుని అగ్నిమాపక బళ్లను పిలిపించారు. లేని మంటను ఆర్పడానికి పరుగెత్తిన ఆ బండిని తలచుకోండి. ఎరుపు ఎంత ఎరుపో చెప్పడానికి అంతకుమించిన విశేషణం నాకు ఇప్పటిదాకా దొరకలేదు.

రంగుకు కారణం వెతకండి

ఆకాశపు రంగు ముఖ్యంగా మూడింటి మీద ఆధారపడుతుంది: ఆ లోకపు సూర్యుడి వెలుగు ఎలాంటిది, గాలి ఎంత దట్టంగా ఉంది, ఆ గాలిలో ఏం తేలుతోంది. మన గాలిలోని అణువులు ఎరుపుకన్నా నీలాన్ని ఎన్నో రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి. పగటి ఆకాశం నీలంగా ఉండేది అందుకే. పొద్దు వాలాక వెలుగు చాలా ఎక్కువ గాలిని దాటి రావాలి కాబట్టి నీలం దారిలోనే చెదిరిపోతుంది, ఎరుపు మిగులుతుంది. గాలే లేని చంద్రుడి మీద పట్టపగలు కూడా ఆకాశం నల్లగానే ఉంటుంది.

అంగారకుడి మీద ఇది తలకిందులవుతుంది. అక్కడి గాలి పల్చన, దుమ్ము ఎక్కువ. పగలు ఆకాశం పసుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. సాయంత్రం ఆ సన్నని దుమ్ము నీలపు వెలుగును ముందుకు తోస్తుంది కాబట్టి అస్తమించే సూర్యుడి చుట్టూ నీలం పరుచుకుంటుంది. 2015లో క్యూరియాసిటీ రోవర్ ఆ నీలి అస్తమయాన్ని రంగుల్లో ఫోటో తీసి పంపింది. అంతకు ముందు, 1976లో, అక్కడ దిగిన వైకింగ్ 1 నౌక పంపిన తొలి రంగుచిత్రాన్ని సిద్ధం చేసినప్పుడు అంగారకుడి ఆకాశం నీలిఛాయలో వచ్చింది. రంగులు సరిచూసుకున్నాక గానీ అసలు రంగు తేలలేదు. కొత్త లోకానికి వెళ్లినా మన కళ్లు పాత ఆకాశాన్నే వెతుక్కుంటాయి. మీ పాత్రలు పరాయి గ్రహానికి వెళ్తే వాళ్లకూ ఈ పొరపాటు జరగనివ్వండి.

ఇక్కడి నుంచి కథ తనంతట తానే నడుస్తుంది. అంగారకుడి మీద పుట్టిన పిల్లకు నీలం అంటే చలి పెరిగే వేళ, పని ఆపి లోపలికి చేరాల్సిన వేళ. ఆ పిల్ల మొదటిసారి భూమికి వచ్చి, నడిమధ్యాహ్నం ఆకాశమంతా నీలంగా చూస్తే కాళ్లు తలుపువైపు లాగవా? రంగుకు కారణం తెలిసినందుకు మీకు దక్కే లాభం ఇలాంటిది. శాస్త్రపాఠాన్ని కథలో చెప్పనక్కర్లేదు. మీకు తెలిసి ఉంటే చాలు.

ఒక పనిముట్టు కూడా చెబుతాను. స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు సోస్యూర్ 1789 ప్రాంతంలో తెలుపు నుంచి నలుపుదాకా యాభైకి పైగా నీలిఛాయలు వేసిన కాగితపు చక్రం తయారుచేసి, దాన్ని ఆకాశానికి ఎదురుగా పట్టుకుని ఆ రోజు నీలం ఎన్నో నంబరో చూసేవాడు. మీ లోకానికీ అలాంటి పట్టీ ఒకటి గీసుకోండి. పది గడులు చాలు. ఒక్కొక్క గడి పక్కన ఆ రంగు కనిపించినప్పుడు మనుషులు ఏం చేస్తారో రాయండి. నా పట్టీలో ఏడో గడి పక్కన "బావులమీద మూతలు పెడతారు" అని ఉంది. ఆ మూడు మాటల నుంచి ఒక కథ మొత్తం వచ్చింది.

దీపం, బంతి, చీకటి గది

రెండు చందమామలున్న లోకం గురించి రాసిన నా మొదటి కథలో ఒక నిండుచంద్రుడు తూర్పున ఉదయిస్తుంటే మరో నిండుచంద్రుడు పడమట అస్తమిస్తాడు. అది అచ్చయ్యాక ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది. చంద్రుడు నిండుగా కనిపించాలంటే సూర్యుడికి సరిగ్గా ఎదురుగా ఉండాలి, అలాంటప్పుడు ఇద్దరూ ఆకాశంలో ఒకే దిక్కున ఉండాలి కదా అని అడిగింది. ఆకాశాన్ని చూసి జీతం తీసుకున్న మనిషిగా ఆ ఉత్తరం నన్ను చాలాకాలం బాధపెట్టింది. అప్పటినుంచి ఏ చంద్రుడినీ ఈ ప్రయోగం చేయకుండా కథలోకి రానివ్వలేదు.

చీకటి గదిలో మీ తల ఎత్తున ఒక దీపం పెట్టండి. అది సూర్యుడు. పుల్లకు గుచ్చిన బంతిని చేయిచాచి పట్టుకోండి. అది చంద్రుడు. మీ తలే గ్రహం. బంతిని తల కన్నా కాస్త ఎత్తులో ఉంచి, నిలబడిన చోటే మెల్లగా ఎడమవైపుకు తిరగండి. దీపంవైపు ఉన్నప్పుడు బంతి మీకు చీకటిగా కనిపిస్తుంది, కొంచెం తిరగగానే నెలవంక, వీపు దీపానికి పెట్టేసరికి పున్నమి. నెలవంక ఎప్పుడూ సూర్యుడికి దగ్గరలోనే ఎందుకుంటుందో, నడిరాత్రి నడినెత్తిన అది ఎందుకు ఉండలేదో ఒక్క చుట్టులో అర్థమవుతుంది. చీకటిగా ఉన్న భాగం కూడా చంద్రుడే కాబట్టి నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం మెరవదు. ఇప్పుడు రెండో బంతిని ఇంకొకరి చేతికిచ్చి మళ్లీ చూడండి.

వేగాలు కూడా తేల్చుకోవాలి. గ్రహానికి దగ్గరగా తిరిగే చంద్రుడు వేగంగా తిరుగుతాడు. అంగారకుడి ఉపగ్రహం ఫోబోస్ 7 గంటల 39 నిమిషాల్లో ఒక చుట్టు పూర్తి చేస్తుంది. అంగారకుడు తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది 24 గంటల పైన. అందువల్ల ఫోబోస్ పడమట ఉదయించి తూర్పున అస్తమిస్తుంది. ఆ ఆకాశం కింద పెరిగినవాళ్లకు "చంద్రోదయం" అంటే ఏ దిక్కు గుర్తొస్తుందో ఆలోచించండి.

ఇద్దరు సూర్యులు కట్టుకథ కాదు. 2011లో ప్రకటించిన కెప్లర్-16బి అనే గ్రహం రెండు నక్షత్రాల చుట్టూ 229 రోజులకొకసారి తిరుగుతుంది. ఆ నక్షత్రాలు ఒకదాని చుట్టూ ఒకటి 41 రోజుల్లో తిరుగుతాయి. వాటిలో ఒకటి నారింజ రంగుది, ఇంకొకటి చాలా మసకైన ఎరుపు. కాబట్టి నాతో పనిచేసినవారి కథలోలాగే రెండు నీడల్లో ఒకటి పల్చన.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా పట్టుకున్నది మాత్రం సూర్యుడు కదలని లోకం. ఎర్ర మరుగుజ్జు నక్షత్రాలకు బాగా దగ్గరగా తిరిగే గ్రహాలు చాలావరకు ఒకే ముఖాన్ని నక్షత్రంవైపు పెట్టి ఉండిపోతాయని శాస్త్రజ్ఞుల అంచనా. 2016లో ప్రకటించిన ప్రాక్సిమా-బి అనే గ్రహం అలాంటిదే కావచ్చు. దాని సంవత్సరం మన లెక్కలో 11 రోజుల చిల్లర. ఒకవైపు ఎప్పుడూ పగలు, ఇంకోవైపు ఎప్పుడూ రాత్రి, మధ్యలో ఎన్నటికీ ముగియని సంధ్య చుట్టూ అంచులా ఉంటుంది. ఆ అంచున ఒక కథ పెట్టుకుని రాయడానికి కూర్చున్నాను. రెండో వాక్యంలోనే ఆగిపోయాను. "పొద్దుపోయింది" అని రాశాను మరి.

తెలుగులో పొద్దు అంటే సూర్యుడూ, కాలమూ కూడా. పొద్దు పొడుస్తుంది, పొద్దెక్కుతుంది, పొద్దు వాలుతుంది, పొద్దుగూకుతుంది. ఏమీ తోచకపోతే పొద్దుపోవడం లేదంటాం. సూర్యుడు కదలని చోట ఈ మాటలన్నీ చచ్చిపోతాయి. నేను రెండు వారాలు కథ ఆపి ఆ లోకానికి మాటలు వెతికాను. అక్కడ పొద్దు ఒక దిక్కు అయింది. జనం "పొద్దువైపు", "పెడవైపు" అని దారి చెప్పుకుంటారు. కాలాన్ని గాలితో, నిద్రతో కొలుస్తారు: "మూడు నిద్రల కిందట". ముసలివాళ్లను "పొద్దువాలిన మనిషి" అనలేరు, అందుకని "నీడ పొడుగైన మనిషి" అందామనుకున్నాను. కదలని సూర్యుడి కింద ఒక్కచోట నిలబడ్డ మనిషి నీడ పొడుగు కూడా మారదని వెంటనే తట్టింది. పెడవైపుకు నడిచేకొద్దీ మాత్రమే నీడ సాగుతుంది. దాంతో ఆ లోకంలో ముసలివాళ్లు ఏటా కొంత పెడవైపుకు ఇల్లు మార్చుకుంటారన్న ఆచారం పుట్టింది. కథకు గుండెకాయ అదే అయింది.

వాన, గాలి, ఉరుము

శని ఉపగ్రహం టైటాన్ మీద నిజంగానే వాన కురుస్తుంది. నీటి వాన కాదు, ద్రవ మీథేన్. అక్కడ గురుత్వాకర్షణ మన దగ్గరున్నదానిలో ఏడో వంతు, గాలి మనకన్నా దట్టం. లెక్కల ప్రకారం చినుకు దాదాపు సెంటీమీటరు వెడల్పుదాకా పెరగగలదు, సెకనుకు ఒకటిన్నర మీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. చురుగ్గా నడిచే మనిషి వేగం అది. అంటే కళ్లతో ఒక చినుకును ఎంచుకుని, అది నేలకు చేరేదాకా దాని పక్కన చూపు నడిపించవచ్చు. అలాంటి వానను "కుండపోత" అనకూడదు. దానికి సరిపోయే క్రియాపదం మీరే వెతకాలి. నేను "దిగుతోంది" అని వాడాను.

అంగారకుడి గాలి ఒత్తిడి మన దగ్గరి ఒత్తిడిలో నూటికి ఒక వంతు కూడా ఉండదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వీచే గాలి కూడా అక్కడ ఒంటికి మన దగ్గర 13 కిలోమీటర్ల గాలి తగిలినట్టే తగులుతుంది. తుపాను మనిషిని ఎత్తి కొట్టదు. కానీ అది లేపిన దుమ్ము కొన్నిసార్లు గ్రహమంతా కమ్మేస్తుంది. అక్కడ భయం వెలుగు పోవడంలో ఉంది, తోపులో లేదు. ఆ రోజుల్లో నేనైతే చిట్టాలో తొమ్మిది వేస్తాను.

శుక్రుడి నేలమీద వేడి సీసాన్ని కరిగించేంత. కానీ దాదాపు యాభై కిలోమీటర్ల ఎత్తున, గంధకామ్లపు మబ్బుల్లో, ఒత్తిడి ఇంచుమించు మన నేలమీద ఉన్నంతే ఉండే పొర ఒకటుంది. 1985లో సోవియట్ వేగా నౌకలు వదిలిన రెండు బెలూన్లు ఆ మబ్బుల్లో దాదాపు రెండు రోజులు తేలుతూ ఒక్కొక్కటి 11,000 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాయి. ఇందులో కథకులు తరచు మరిచిపోయే సంగతి ఒకటుంది: గాలితోపాటు కొట్టుకుపోయేవాళ్లకు గాలి వీస్తున్నట్టే ఉండదు. నేలమీద నుంచి చూస్తే పెనుగాలి, బెలూన్ బుట్టలో దాదాపు నిశ్చలం. మేఘనగరాల కథ రాస్తే జెండాలు రెపరెపలాడించకండి. వేలాడనివ్వండి.

వాసన గురించి ఎవరూ రాయరు, నాకు అదే విచారం. తొలకరికి లేచే మట్టివాసనకు 1964లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు బేర్, థామస్ "పెట్రికోర్" అని పేరు పెట్టారు. అందులో పెద్దపాలు జియోస్మిన్ అనే పదార్థానిది. మట్టిలో బతికే సూక్ష్మజీవులు దాన్ని తయారుచేస్తాయి. లక్ష కోట్ల భాగాల్లో ఐదారు భాగాలున్నా మన ముక్కు పసిగడుతుంది. కాబట్టి ప్రాణంలేని గ్రహం మీద మొదటి వానకు ఆ వాసన రాదు. ఒక బంజరు గ్రహాన్ని తరతరాలుగా సాగులోకి తెస్తున్నవాళ్ల కథ రాస్తున్నారనుకోండి. వాన ఎన్నో ఏళ్లుగా కురుస్తూనే ఉంది. ఒకరోజు మాత్రం ఎవరో తలుపు తీసి, గుమ్మంలో ఆగిపోయి, లోపలున్న తల్లిని కేకేస్తారు. మట్టి బతికిందని ఇంకెవరూ చెప్పనక్కర్లేదు.

ఉరుము మాట క్లుప్తంగా. మన దగ్గర మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లూ ఒక కిలోమీటరు. వేరే గాలిలో ఈ లెక్క మారుతుంది. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవర్ మైక్రోఫోన్ల వల్ల, అక్కడ ధ్వని సెకనుకు 240 మీటర్లే పోతుందనీ, కీచు శబ్దాలు బొంగురు శబ్దాల కన్నా కొంచెం ముందు చేరుతాయనీ తెలిసింది. దూరం నుంచి ఎవరైనా పిలిస్తే గొంతు విడిపోయి వస్తుందన్నమాట. వాడుకోండి.

ఆ లోకపు మాటలు, ఆ లోకపు మంత్రాలు

మన భాషలో చినుకు, తుంపర, జల్లు, ముసురు, జడివాన, గాలివాన వేరువేరు. నీరెండ, మిట్టమధ్యాహ్నపు ఎండ ఒకటి కావు. గుడ్డివెన్నెలలో కనిపించనిది పండువెన్నెలలో కనిపిస్తుంది. ఇన్ని మాటలు ఎందుకు పుట్టాయంటే ఒక్కోదానికి ఒక్కో పని ఆగింది, లేదా సాగింది. మీ లోకంలో ఏ వాతావరణం మీద జనం బతుకు ఆధారపడిందో దానికి నాలుగు పేర్లు పెట్టండి. మిగిలినవాటికి ఒక్కటి చాలు.

సామెతలు కూడా రాయండి. చంద్రుడి చుట్టూ కనిపించే వలయాన్ని వరదగుడి అంటాం. "దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అని సామెత. ఉద్యోగంలో చేరిన కొత్తలో దీన్ని సరిచూశాను. పెద్ద వలయం ఎత్తైన మబ్బులోని మంచుపలుకుల వల్ల వస్తుంది, ఆ మబ్బు తరచు వానను వెంటబెట్టుకొస్తుంది. చంద్రుణ్ణి ఆనుకుని ఉండే చిన్న వలయం నీటితుంపరలున్న పల్చని మబ్బుది. సామెత ప్రతిసారీ నిలబడలేదు, కానీ నిలబడినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరించింది. మీ లోకానికి ఐదు సామెతలు రాసి, అందులో ఒకటి తప్పయ్యేలా చూసుకోండి. ఆ తప్పు సామెతను గట్టిగా నమ్మే మనిషిని కథలో పెట్టండి.

మంత్రంతో వాన కురిపించే కథలైతే ఒక్కటే అడుగుతాను: ఆ నీళ్లు ఎక్కడివి? ఇక్కడ కురిసిన మబ్బు ఇంకెక్కడో కురవాల్సింది. ఆ ఇంకెక్కడి నుంచి ఒక మనిషి నడుచుకుంటూ వచ్చి మంత్రగత్తె తలుపు తడితే ఫాంటసీకి కావలసిన బరువు వస్తుంది. పిడుగులు విసిరే ద్వంద్వయుద్ధాల కన్నా ఆ తలుపు చప్పుడు నాకు ఎక్కువ ఇష్టం.

అంతరిక్షంలో కట్టిన లోకాలకూ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. 1970లలో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు జెరార్డ్ ఓనీల్ ఊహించిన, గొట్టాల్లా బోలుగా ఉండి తిరిగే పెద్ద స్తూపాలు (సిలిండర్లు) కొన్ని కిలోమీటర్ల వెడల్పు, 32 కిలోమీటర్ల దాకా పొడవు. లోపలి గోడ మీదే నేల. తలెత్తితే మబ్బుల సందుల్లోంచి అవతలివాళ్ల పొలాలు తలకిందులుగా కనిపిస్తాయి. ఎత్తునుంచి జారవిడిచినది నిట్టనిలువుగా పడదు, తిరిగే దిశకు వెనక్కి వంగుతుంది. అక్కడ వాన ఎప్పుడు కురవాలో ఎవరో నిర్ణయిస్తారు. ఎవరు, ఎవరిని అడిగి?

ముప్పై రోజుల చిట్టా

కొత్త ఆకాశం కల్పించాలంటే ముందు ఉన్న ఆకాశాన్ని చూడాలి. ఒక నోటుపుస్తకం తీసుకుని రోజుకు మూడుసార్లు, ఒకే చోట నిలబడి, ఇవి రాయండి: మబ్బు ఎనిమిదిలో ఎన్ని, గాలి ఏ దిక్కు నుంచి, వెలుగు ఏ రంగు, వాసన ఏమైనా ఉందా, అప్పుడు మీరు చేస్తున్న పని ఏమిటి. చివరిది వదిలేయకండి. పోలికలు రాయకండి. "ముత్యాల్లాంటి చినుకులు" అని చేయి రాయబోతుంది, ఆపండి. చినుకు నేలమీద పడితే ఎంత మచ్చ పడింది, ఎంతసేపటికి ఆరింది అని రాయండి. ఇరవై రోజులు మీ ఆకాశం కింద ఇలా రాశాక, మిగిలిన పది రోజులు మీ పాత్ర తన ఆకాశం కింద నిలబడి రాసినట్టు రాయండి. అవే గడులు, అదే పొదుపు.

కదలని సూర్యుడి కథకు నేను అలాగే రాస్తున్నాను. అంచున ఉన్న ఊళ్లో పరిశీలకురాలు చిట్టా నింపుతోంది. పెడవైపు వెళ్లిన ఆమె తమ్ముడు తిరిగి రాలేదు. పదకొండు నిద్రలుగా ఆమె ఒకటే రాస్తోంది: "మబ్బు 9. గాలి పెడవైపు నుంచి. వెలుగు లేదు. వాసన మంచుది. పని: దీపం మార్చాను." పన్నెండో నిద్ర తర్వాత "పని" గడిలో ఏం రాయాలో నాకింకా తేలలేదు. గాలి దిక్కు మాత్రం మార్చాను.